రెండో గేమ్‌కు ఏ ప్రాచీన నగరం? ఎంచుకునే పద్ధతి

సీక్వెల్‌కు, అంటే రెండో గేమ్‌కు, ప్రాచీన నేపథ్యం వెతికేవాళ్ళు చరిత్ర పుస్తకాల కంటే ముందు తమ మొదటి గేమ్ తెరవాలి. అందులో ఆటగాడు చేసే పనులన్నీ క్రియలుగా కాగితం మీద రాయండి: ఎక్కడం, దూకడం, గుంపులో కలిసిపోవడం, గుర్రం నడపడం, విల్లు ఎక్కుపెట్టడం, రాతి మీది అక్షరాలు చదివి దారి తెలుసుకోవడం, బేరమాడడం. మామూలుగా పన్నెండు నుంచి పదిహేను తేలతాయి. ప్రతి క్రియ పక్కన రెండు అంకెలు వేయండి: ఆటగాడు గంటలో సుమారు ఎన్నిసార్లు ఆ పని చేస్తున్నాడు, దాని కింద ఎన్ని యానిమేషన్ క్లిప్పులు ఉన్నాయి. ప్లేటెస్ట్ (జనంతో ఆడించి చూసిన) వీడియోలు నాలుగు చూస్తే ఒక్క రోజులో లెక్క తేలుతుంది. రెండో గేమ్ కొనేవాడు చేతికి అలవాటైన ఆ పనుల కోసమే తిరిగొస్తాడు. కొత్త కాలం ఆ క్రియల్లో ఎక్కువ వాటిని నిలబెట్టాలి, ఒకటో రెండో కొత్తవి ఇవ్వాలి. ఆ పని చెయ్యలేని నాగరికత ఎంత ఘనమైనదైనా మన గేమ్‌కు అక్కరకు రాదు.

ఉదాహరణకు, హైదరాబాద్‌లో పాతికమంది ఉన్న ఒక స్టూడియో అనుకుందాం. వాళ్ళ మొదటి గేమ్ గణపతిదేవుడి నాటి ఓరుగల్లులో జరిగింది. 13వ శతాబ్దం: రాతి కోటగోడ, మట్టికోట, అగడ్త, గుర్రాలు, ఉక్కు కత్తులు, అడుగడుగునా శాసనాలు. సీక్వెల్ వెయ్యేళ్ళో ఇంకా పైనో వెనక్కి పోవాలి. ఏది మిగులుతుంది, ఏది పోతుంది?

గుర్రం దగ్గర ఆగి చూడండి

ఓరుగల్లు గేమ్‌లో రౌతు రికాబుల (జీనుకు వేలాడే పాదపట్టీల) మీద నిలబడి బాణం వేస్తాడు, పక్కకు వాలి నేల మీది సంచి అందుకుంటాడు. ఆ కాలానికి అది సరిపోయింది. క్రీస్తుశకం 2, 3 శతాబ్దాల దక్కనులో పాదమంతా మోపే లోహపు రికాబు లేదు. రౌతు తొడల బిగువు మీదే నిలదొక్కుకోవాలి. అంటే గుర్రం మీద లేచి నిలబడే ప్రతి క్లిప్పూ మళ్ళీ చెయ్యాలి. గురి కుదరడానికి ఎక్కువసేపు పట్టాలి, వాలే కోణం తగ్గాలి. "గుర్రం ఉందా? ఉంది" అని టిక్కు పెట్టి దాటేసిన క్రియ కింద సగం పని కొత్తగా వచ్చిపడింది. సింధు నాగరికతకు వెళ్తే చిక్కు ఇంకా ముందే ఎదురవుతుంది. అక్కడ గుర్రం ఉందా లేదా అన్నదే పండితుల మధ్య తెగని వాదం.

అందుకని ఉంది, లేదు అని రాస్తే చాలదు. మూడు గుర్తులు పెట్టుకోండి: యథాతథం, మార్పుతో, పోయింది. గంటలో ఎక్కువసార్లు చేసే మొదటి ఐదు క్రియల్లో ఒక్కటి "పోయింది" కింద పడినా ఆ నగరాన్ని పక్కన పెట్టండి. టీమ్‌కు అది ఎంత నచ్చినా సరే.

ఎక్కడం కూడా ఇలాంటిదే. కాకతీయుల రాతి కట్టడంలో వరసలు, అంచులు, చెక్కిన స్తంభాలు ఉంటాయి, కాబట్టి చేతికి పట్టు దొరుకుతుంది. శాతవాహనుల నాటి ఊళ్ళలో ఇటుక గోడ మీద సున్నపు పూత, పైన చెక్క. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బయటపడిన కోట మట్టికోట. పాత పద్ధతిలో గోడ పాకే హీరో ఇక్కడ జారిపోతాడు. పట్టు చెక్క దూలాల్లోనూ, మేడ పిట్టగోడల్లోనూ, తాటిచెట్ల మీదా వెతకాలి. దీన్ని "మార్పుతో" కింద వేసి, కొత్తగా ఎన్ని క్లిప్పులు కావాలో అప్పుడే రాసిపెట్టండి.

నాగరికత పేరు చాలదు, ఊరూ సంవత్సరమూ కావాలి

"ఈజిప్టు" అంటే మూడు వేల ఏళ్ళు. "శాతవాహనులు" అంటే కొన్ని శతాబ్దాలు, గోదావరి నుంచి కృష్ణ దాకా. అంత వెడల్పున పెట్టుకుంటే ఒక వీధిలో మొదటి శతాబ్దపు కుండ, పక్క వీధిలో మూడో శతాబ్దపు తలపాగా చేరతాయి. ఏ ఆర్టిస్టునూ తప్పుపట్టలేం, ఎవరికీ కచ్చితమైన హద్దు చెప్పలేదు గనక. ఒక ఊరు, పదేళ్ళు మించని కాలం ఎంచుకోండి. అదే కాగితం మీద పైన రాయండి.

సంవత్సరం వేయడంలోనూ జాగ్రత్త కావాలి. శాతవాహనుల పాలన ఎప్పుడు మొదలైందన్న దానిమీదే చరిత్రకారులకు రెండు వందల ఏళ్ళకు పైగా తేడా ఉంది. టైటిల్ కార్డు మీద క్రీస్తుశకం ఫలానా అని వేస్తే వాదంలో ఒక పక్షం పట్టినట్టే. శాసనాల్లో ఉన్నట్టే వేయండి. రాజమాత గౌతమి బాలశ్రీ నాసిక్ శాసనం శాతవాహన రాజు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో వేయించింది. "పులుమావి 19వ ఏట" అని తెర మీద పడితే ఎవరూ వేలెత్తి చూపలేరు. పైగా ఆ కాలపు మాటలా వినిపిస్తుంది.

నలభై వస్తువుల కాగితం

ఒక నగరం గేమ్‌కు నిలుస్తుందా లేదా తేల్చేది గుళ్ళూ గోపురాలూ కావు. తలుపు గడియ, దీపపు ప్రమిద, మంచం కాళ్ళు, నిచ్చెన, బావి, బండి చక్రం, చెప్పులు, పొయ్యి, తూకపు రాళ్ళు, చూరు, నీళ్ళు మోసే కుండ. ఆటగాడి కెమెరా రోజంతా వీటి మధ్యే తిరుగుతుంది. ఇలాంటివి నలభై రాసి, పోటీలో ఉన్న ప్రతి నగరానికీ ఒక వరస పెట్టండి. తవ్వకంలో దొరికితేనో శిల్పంలో కనిపిస్తేనో ఆకుపచ్చ. పొరుగు ప్రాంతం నుంచి, దగ్గరి కాలం నుంచి తెచ్చుకోవాల్సి వస్తే పసుపు. ఊహే దిక్కయితే ఎరుపు. ఎరుపులు పదమూడు దాటితే ఆ నగరాన్ని వదిలేయండి. అంతకు మించితే మీరు చేసేది ఫాంటసీ గేమ్. అదీ మంచిదే, కానీ పెట్టె మీద చరిత్ర పేరు వేయకూడదు.

ఈ పరీక్షలో ఆంధ్ర, తెలంగాణ స్థలాలు మన స్టూడియోలు అనుకునే దానికంటే చాలా మేలు. అమరావతి శిల్పాల్లో మంచాలు, బళ్ళు, ఇళ్ళ ముందరి ద్వారాలు, జుట్టు ముళ్ళు, కడియాలు అన్నీ ఉన్నాయి. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న నాలగిరి ఏనుగు పతకం ఒక్కటి చూడండి. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతోంది. ఒక మనిషిని తొండంతో పట్టి విసురుతోంది. ఆడవాళ్ళు భయంతో వెనక్కి తగ్గుతున్నారు. మేడ మీంచి కొందరు తొంగి చూస్తున్నారు. అదే ఏనుగు కుడివైపు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఆ ఒక్క రాతిలో వీధి వెడల్పు ఎంతో, మేడ ఎత్తు ఎంతో, గుంపు బెదిరితే ఎటు పరుగెడుతుందో ఉంది. లెవెల్ డిజైనర్ ఒక రోజంతా దాని ముందు కూర్చున్నా దండగ లేదు.

శాతవాహనుల నాటి పెద్దబంకూరులో ఇటుకతో కట్టిన బావులు, మట్టి ఒరల బావులు బయటపడ్డాయి. అంటే బావి గడి ఆకుపచ్చ, కొలతలతో సహా.

హరప్పా ఎందుకు ఊరిస్తుంది, ఎక్కడ దెబ్బకొడుతుంది

మన దేశంలో ఎవరినడిగినా మొదట సింధు నాగరికత పేరే చెబుతారు. క్రీస్తుపూర్వం 2600 నుంచి 1900 దాకా వెలిగిన ఆ నగరాలు లెవెల్ డిజైన్‌కు వరం లాంటివి. ఇటుకల నిష్పత్తి 1:2:4, అంటే 7, 14, 28 సెంటీమీటర్లు. గేమ్ ఇంజన్‌లో గ్రిడ్ (కట్టడాలు అమర్చే గళ్ళు) 280 సెంటీమీటర్లకు పెడితే సరిగ్గా పది ఇటుకలు పడతాయి. 140, 70 కింద విడగొట్టుకోవచ్చు. అలవాటు కొద్దీ 300 పెడితే ప్రతి మూలా ఇటుక ముక్క తెగి కనిపిస్తుంది. తూకపు రాళ్ళు 1, 2, 4, 8, 16, 32, 64 అని రెట్టింపవుతూ పోతాయి, 16 రెట్ల రాయి 13.7 గ్రాముల దగ్గర. దానితో త్రాసు పజిల్ దానంతటదే తయారవుతుంది. లోథాల్‌లో 200 మీటర్లకు పైగా పొడవున్న ఇటుక తొట్టి ఉంది, ఓడరేవు అని ఎక్కువమంది అంటారు.

దెబ్బ రాత దగ్గర పడుతుంది. ముద్రల మీద సగటున ఐదు గుర్తులే ఉంటాయి, వాటిని ఇంతవరకు ఎవరూ చదవలేదు. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం చదివినవాళ్ళకు 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. ఆ ఊళ్ళను అక్కడివాళ్ళు ఏమని పిలుచుకున్నారో తెలియదు. ఒక్క రాజు పేరూ లేదు, రాజభవనం అని తేల్చి చెప్పగల కట్టడమూ లేదు. ఓరుగల్లు గేమ్ సగం శాసనాలు చదివించే గేమ్ అయితే ఆ క్రియ ఇక్కడ "పోయింది". కల్పించి చదివిస్తే, లిపి ఏ భాషదో మీరు తీర్పు చెప్పినట్టవుతుంది. ఆ గొడవ గేమ్ రివ్యూల్లో మొదలై గేమ్‌ను మింగేస్తుంది. ఇనుము లేదు, కత్తియుద్ధానికి ఆధారం అంతంతమాత్రం. ఊరు కట్టే గేమ్‌కు, వర్తకం గేమ్‌కు, పజిల్ గేమ్‌కు మాత్రం హరప్పాను మించింది లేదు. కత్తి పట్టిన సీక్వెల్‌కు వద్దు.

ఈజిప్టు, గ్రీస్, రోమ్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అసెట్ స్టోర్లలో (రెడీమేడ్ 3డీ బొమ్మలు అమ్మే చోట) మోడళ్ళు దండిగా దొరుకుతాయి, పరిశోధన సులువు. కానీ అసాసిన్స్ క్రీడ్ సిరీస్ 2017లో టాలమీల ఈజిప్టును, 2018లో గ్రీస్‌ను వందల మంది చేతులతో కట్టి చూపించింది. పాతికమంది స్టూడియోను దానితోనే పోలుస్తారు. ఎర్ర సముద్రపు ఆక్సుమ్ రాజ్యం (ఇప్పటి ఇథియోపియా వైపు) మీద ఎవరైనా ఆసక్తి చూపితే ఆలోచించవచ్చు: సొంత నాణేలు, గీజ్ లిపి, ఏకశిలా స్తంభాలు, అదులిస్ రేవు. ఇబ్బందల్లా అక్కడికి మనం నాలుగుసార్లు వెళ్ళి కొలతలు తీసుకురాలేకపోవడమే.

విజయపురి వైపు ఎందుకు మొగ్గాలి

మన ఉదాహరణలోని స్టూడియోకు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే నాగార్జునకొండ లోయ, అన్నిటికంటే బాగా నప్పుతుంది. కాలం వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరం, ఆయన మేనత్త చాంతిసిరి మహాచైత్యం (పెద్ద స్తూపం) పూర్తి చేయించిన సంవత్సరం.

లోయకు మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. ఓపెన్ వరల్డ్‌కు హద్దు గీయడానికి కనిపించని గోడలు పెట్టక్కర్లేదు. రాజులు యజ్ఞాలు చేస్తుంటే ఆ ఇంటి ఆడవాళ్ళు బౌద్ధ విహారాలకు దానాలిచ్చారు. కథకు కావలసిన ఒరిపిడి శాసనాల్లోనే ఉంది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీన, వంగ, వనవాసి, యవన, దమిళ, తంబపణ్ణి (శ్రీలంక) పేర్లు వస్తాయి. శక దుస్తుల్లో, అంటే కుట్టిన అంగీతో, ఒక భటుడి శిల్పం కూడా అక్కడే దొరికింది. గుంపులో ఒకే ముఖం పదేపదే కనిపిస్తోందని ఓరుగల్లు గేమ్‌కు ఫిర్యాదులొస్తే, ఇక్కడ రకరకాల మనుషులను పెట్టడానికి శాసనమే అనుమతి ఇస్తోంది. నాలుగు వైపులా మెట్ల వరసలున్న రంగస్థలం పోటీల లెవెల్‌కు సిద్ధంగా ఉంది. ఇటుకలు దాదాపు 50, 25, 7.5 సెంటీమీటర్లు కాబట్టి గ్రిడ్ 100, 200, 400 పెట్టుకుంటే చక్కగా సరిపోతుంది.

ఆ ఇటుక కొలత టెక్స్చర్ ఆర్టిస్టుకు మొదటి రోజే చెప్పండి. స్టోర్‌లో దొరికే ఇటుక టెక్స్చర్ అంతా ఇప్పటి తొమ్మిదంగుళాల ఇటుకదే. దాన్ని అంటించిన విహారం మణికొండలో కడుతున్న అపార్ట్‌మెంట్ గోడలా కనిపిస్తుంది. కారణం తెలియక ఆర్టిస్టు రంగు మారుస్తూ కూర్చుంటాడు. లోపం పరిమాణంలో ఉంది.

ఇంకో చిక్కు కట్టడాల లోపలి భాగం. స్తూపం గట్టి కట్టడం, దాని లోపల గది ఉండదు. అండం, అంటే దాని గుండ్రటి గుమ్మటం, చూడగానే ఆటగాడు తలుపు వెతుకుతాడు, లోపల నిధి ఉంటుందనుకుంటాడు. ఆ ఆశను చైత్యగృహాల (ప్రార్థన మందిరాల) వైపు, విహారం గదుల వైపు మళ్ళించాలి. విహారం గదులు చిన్నవి. భుజం వెనక నుంచి చూసే కెమెరా గోడలో దూరిపోతుంది. నిర్ణయానికి ముందే ఒక విహారాన్ని నిజమైన కొలతలతో గ్రేబాక్స్ (ఉత్త దిమ్మెలతో కట్టిన నమూనా) చేసి మీ హీరోను పావుగంట పరుగెత్తించండి. కెమెరా కుదరడానికి గదులను 1.3 రెట్లకు మించి పెంచాల్సి వస్తే కెమెరా మార్చాలి, లేదా ఊరు మార్చాలి. ఇంకా సాగదీస్తే మంచం, కుండ, మనిషి బొమ్మల్లా తేలిపోతాయి.

ఈ ఎంపికలో పెద్ద లోటు ఒకటుంది. లోయ నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉంది. డ్యామ్ వస్తుందని 1954 నుంచి 1960 దాకా హడావిడిగా తవ్వి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ, అనుపు అనే చోటికీ తరలించి మళ్ళీ నిలబెట్టారు. అనుపులో రంగస్థలాన్ని స్కాన్ చేస్తే మీ చేతికొచ్చేది ఈ పునర్నిర్మాణం. రాళ్ళ పేర్పు, మట్టం, చుట్టూ నేల ఒరిజినల్ కావు. ప్లాన్లు తవ్వకాల నివేదికల నుంచే తీసుకోండి, స్కాన్‌ను రాతి ఉపరితలానికి మాత్రమే వాడండి.

నాణెం, అక్షరం, చెట్టు

తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ మూడింట్లోనే.

గేమ్‌లో డబ్బు అనగానే బంగారు నాణెం బొమ్మ వేస్తారు. ఇక్ష్వాకులకు ముందు ఏలిన శాతవాహనులు బంగారు నాణేలు వేయలేదు. సీసం, పోటిన్ అనే మిశ్రలోహం, రాగి, కొన్ని వెండివి వేశారు. బంగారం రోమన్ నాణేల రూపంలో వచ్చింది. ధరల పట్టిక ఊహించనక్కర్లేదు. క్షత్రప రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు నాసిక్ గుహలో వేయించిన శాసనం చూడండి: గోవర్ధనంలోని నేతగాళ్ళ శ్రేణి దగ్గర 2,000 కహాపణాలు (వెండి నాణేలు) నూటికి నెలకు 1 వడ్డీ చొప్పున వేశాడు. ఏడాదికి 240 వస్తుంది. వానాకాలం అక్కడ ఉండే 20 మంది భిక్షువులకు ఒక్కొక్కరికి బట్టకు 12 ఇమ్మన్నాడు, అంటే సరిగ్గా 240. అదే శాసనంలో 35 కహాపణాలకు ఒక సువర్ణం (బంగారు నాణెం). గేమ్ ఎకానమీకి పునాది అంకెలు ఇంతకంటే ఏం కావాలి? ఇంకో వస్తువు: 1906లో నాసిక్ జిల్లా జోగల్‌థెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం నహపానుడివి, మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించినవి. అలాంటి నాణెం ఒకటి ఆటగాడి సంచిలో పెట్టి, దగ్గరికి తెచ్చి తిప్పి చూడనివ్వండి. ఓడిన రాజు ముఖం మీద గెలిచినవాడి గుర్తు కనిపిస్తుంది. కట్‌సీన్ (ఆట ఆపి చూపే కథా దృశ్యం) అక్కర్లేదు.

అక్షరాలకొస్తే, విజయపురి బోర్డుల మీద తెలుగు లిపి ఉండకూడదు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీ. యూనికోడ్‌లో బ్రాహ్మీ 2010 నుంచి ఉంది కదా అని ఫాంట్ దించుకుని టైప్ చేస్తే అశోకుడి కాలపు అక్షరాలు వస్తాయి. విజయపురి రాత వేరు: నిలువు గీతలు పొడుగ్గా సాగి వంపు తిరుగుతాయి. శాసనం అచ్చు చూసి చేత్తో గీయించి మీ సొంత ఫాంట్ చేసుకోండి, నలభై యాభై అక్షరాలు చాలు.

చెట్లలో హైదరాబాద్ స్టూడియోలు అందరికంటే ఎక్కువ పొరబడతాయి. మొక్కల స్కానింగ్‌కు వికారాబాద్ వైపో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కకో వెళ్తారు. అక్కడ కంటికి కనిపించేదాంట్లో చాలా భాగం ఆ కాలంలో మన దేశంలోనే లేదు: సర్కారు తుమ్మ, వయ్యారిభామ, లాంటానా, నీలగిరి, ఎర్ర తురాయి, కాగితపు పూలు, సీతాఫలం. మోదుగ, తాటి, మర్రి, రావి, ఇప్ప, మద్ది, వేప వెతికి స్కాన్ చేయండి. ఫ్రేమ్ మూలల్లో వయ్యారిభామ దూరకుండా చూసుకోండి. సంతలో ఎండుమిర్చి రాశి, టమాటాలు, వేరుశనగ, మొక్కజొన్న వద్దు. మిరియాలు, నువ్వులు, పెసలు, ఉలవలు, జొన్నలు పెట్టండి. బంతిపూల దండ కూడా తీసేయాలి. ఇది చెబితే ప్రతి ఆర్ట్ టీమ్‌కూ బాధేస్తుంది.

పూజ ఆగని చోట్లు

అమరావతిలో 2006లో దలైలామా కాలచక్ర అనే బౌద్ధ దీక్షా కార్యక్రమం నిర్వహించారు. ఆ స్తూపం ఇప్పటికీ పూజాస్థలమే. హీరో అండం మీదికి పాకి ఎక్కడం, ఆయక స్తంభాల (స్తూపం నాలుగు వైపులా నిలిపే స్తంభాల) మధ్య రక్తం చిందించడం పెట్టకండి. కొత్త క్రియను ఇక్కడే సంపాదించవచ్చు: జనం ప్రదక్షిణగా కుడివైపుకు తిరుగుతుంటారు, ఆ ప్రవాహంతో నడిస్తే హీరో కలిసిపోతాడు, ఎదురు నడిస్తే అందరి కళ్ళూ పడతాయి. గుంపులో దాక్కునే పాత క్రియకు ఇది చక్కటి కొనసాగింపు. దుస్తుల మాట కూడా ముందే తేల్చండి. శిల్పాల్లో స్త్రీ పురుషులిద్దరికీ పై భాగం మీద నగలే ఎక్కువ. స్టోర్ల వయసు రేటింగ్ ఏం ఒప్పుకుంటుందో చూసి, ఉత్తరీయం ఎక్కడ ఎలా వేయాలో క్యారెక్టర్ ఆర్ట్ మొదలుకాక ముందే నిర్ణయించాలి. తర్వాత మారిస్తే క్లాత్ సిమ్యులేషన్ (బట్ట కదలికల లెక్క) మొత్తం మళ్ళీ చెయ్యాలి.

చూడాల్సినవి, వారాల లెక్క

మొత్తం ఎంపికకు ఆరు వారాలు పెట్టండి. మొదటి వారం క్రియలు. రెండో వారం నాలుగు నగరాలకు నలభై వస్తువుల కాగితం. రెండే మిగలాలి.

మూడు, నాలుగు వారాలు తిరగడానికి, చదవడానికి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అందరూ మమ్మీ గది దగ్గర ఆగుతారు. మీరు బౌద్ధ శిల్పాలు, నాణేల దగ్గర గడపండి. తర్వాత కొండాపూర్. ఐటీ ఆఫీసుల కొండాపూర్ అనుకుని క్యాబ్ బుక్ చేసేవాళ్ళున్నారు. ఇది సంగారెడ్డి జిల్లాలోది, నగరానికి సుమారు 70 కిలోమీటర్లు. నాణేల అచ్చులు, తెల్లమట్టి బొమ్మలు, పూసలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. నాగార్జునసాగర్‌కు 150 కిలోమీటర్లు. విజయపురి సౌత్ నుంచి లాంచీలో కొండ మీది మ్యూజియంకు వెళ్ళాలి. శుక్రవారం మ్యూజియంలకు సెలవు కాబట్టి ఆ రోజు పెట్టుకోకండి. ట్రైపాడ్, డ్రోన్, వాణిజ్య వాడకం అన్నిటికీ పురావస్తు శాఖ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. అనుమతి లేని స్కాన్ గేమ్‌లో పెడితే విడుదల ముందు తీసేయాల్సి రావచ్చు. అనుమతి వచ్చాక ఒక్కో శిల్పానికి 80 నుంచి 150 ఫోటోలు తీయండి. ప్రతి ఫోటో ముందుదానితో మూడింట రెండొంతులు కలవాలి. పక్కన కొలబద్ద ఉండాలి. అది మర్చిపోతే మోడల్ వస్తుంది గానీ సైజు రాదు. ఉస్మానియాలో ప్రాచీన చరిత్ర, పురావస్తు విభాగం ఉంది. శాసనాలు చదవగలిగినవారిని ఈ దశలోనే పారితోషికం ఇచ్చి పెట్టుకోండి. గేమ్ అయిపోయాక చూపిస్తే వాళ్ళు చెప్పేది వినడం తప్ప దిద్దే వీలుండదు.

ఐదో వారం మిగిలిన రెండు నగరాల్లో ఒక్కో వీధి, పొడవు 150 మీటర్లు, రంగులేవీ లేని గ్రేబాక్స్. మొదటి గేమ్ హీరోనే, పాత క్లిప్పులతోనే దించండి. ఆరో వారం పన్నెండు మందితో ఆడించండి, ఆరుగురు మొదటి గేమ్ ఆడినవాళ్ళు, ఆరుగురు కొత్తవాళ్ళు. "బాగుందా?" అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. "ఏమేం చేశావు?" అని అడిగి, వాళ్ళు వాడిన క్రియలు లెక్కపెట్టండి. ఎక్కువ క్రియలు ఏ వీధిలో వినిపిస్తే ఆ ఊరు ఖాయం చేయండి.

ఖాయమైన రోజే ఒక పేజీ రాసి అందరి సంతకాలు తీసుకోండి: ఊరు, పాలనా సంవత్సరం, ఇటుక కొలత, గ్రిడ్, పోయిన క్రియలు, వచ్చిన క్రియలు, ఎరుపు గడుల జాబితా. ప్రతి ఎరుపు గడి పక్కన దాన్ని ఊహించి నింపే ఆర్టిస్టు పేరు ఉండాలి. ఎనిమిది నెలల తర్వాత ఆ నిచ్చెన అలా ఎందుకుందని ఎవరైనా అడిగితే జవాబు ఆ పేజీలోనే దొరుకుతుంది.